దవడ పంటి వంకర దారులు

మన వీధిలో రూట్ కెనాల్ ఎరగని ఇల్లు ఉందేమో చెప్పండి చూద్దాం. ఎవరింటికి వెళ్ళినా అదే మాట. "మాది మెషీనుతో చేశారండీ, అరగంటలో తేల్చేశారు" అని ఒకావిడ. "మా డాక్టరుగారు చేత్తోనే చేస్తారు, ఆయన హస్తవాసి మంచిది" అని ఇంకొకావిడ. మొన్న పేరంటంలో ఈ గొడవే నడిచింది. శనగలు కొంగున కట్టుకుంటూ కూడా ఆపలేదు మహాతల్లులు. మీరు ఆ మూల కూర్చుని నవ్వుతున్నారు, నేను చూశాను. మీకూ ఒకటి అయింది కదా, ఎడమవైపు కింద? ఎవరూ చెప్పలేదు లెండి. మీరు జంతిక ఎప్పుడూ కుడివైపుకే తోసుకుని కొరుకుతారు, ఆ మాత్రం తెలుసుకోలేనా!

నాకెందుకింత పట్టింపు అంటారా? మా అక్క కూతురు దంతవైద్యంలో ఎండీఎస్ చేస్తోంది. అందులోనూ ఈ రూట్ కెనాళ్ళ శాఖలోనే. దాని థీసిస్సు కూడా ఇదే, దవడ పంటి కెనాళ్ళని ఏ పరికరంతో చెక్కితే బాగుంటుందో పోల్చి చూడటం. సెలవులకి వచ్చినా ఆ పరికరాల పెట్టె వదలదు. పెళ్ళిసంబంధాల మాట ఎత్తితే చాలు, "పిన్నీ, ఇది చూడు" అని ఫైలనే ఒక పరికరం తీసి నా చేతిలో పెడుతుంది. మాట మార్చడానికే అని నాకు తెలుసు. అయినా ఏం చేస్తాను, అది చెప్పే సంగతులు వినబుద్ధేస్తాయి. సంబంధం మాట పక్కకి పోతుంది.

సరే, పన్ను దగ్గరికొద్దాం. ముందుపళ్ళకి చాలామటుకు ఒక వేరు, అందులో ఒక కెనాలు, అంటే నరం ఉండే దారి. అక్కడ పెద్ద పేచీ లేదు. కథంతా దవడ పళ్ళ దగ్గరే. కింది దవడలో మొదటి పెద్ద పన్నుందే, అది ఆరేళ్ళకే వచ్చేస్తుంది. పాలపళ్ళన్నీ ఇంకా ఉండగానే వాటి వెనకాల మెల్లిగా మొలుస్తుంది. తల్లులేమో అదీ పాలపన్నే, ఎలాగూ ఊడేదే కదా అనుకుంటారు. చాక్లెట్లు ఆగవు, రాత్రిపూట తోమడం ఉండదు. అందుకే ముందు పుచ్చేదీ అదే, చివరికి డాక్టరు కుర్చీ దాకా ఎక్కువగా తీసుకెళ్ళేదీ అదే. మీ మనవడికి ఎన్నేళ్ళిప్పుడు? ఆరు నిండాయా? అయితే ఈ రాత్రికే టార్చి వేసి చూడండి.

ఆ పంటికి మామూలుగా రెండు వేర్లు. ముందు వేరులో రెండు కెనాళ్ళు, వెనక వేరులో ఒకటి, ఒక్కోసారి రెండు. కొందరికి నాలుక వైపు ఇంకో బుల్లి వేరు అదనంగా ఉంటుంది. పై దవడ మొదటి పెద్ద పంటికి మూడు వేర్లు. అందులో బుగ్గవైపు ముందు వేరుంటుందే, అది మహా గడుసుది. ఒక కెనాలే ఉన్నట్టు కనబడుతుంది. దాని పక్కనే ఇంకోటి నక్కి ఉంటుంది. సగానికి పైగా మందిలో ఉంటుందట! డాక్టర్లు దానికి ఎంబీ2 అని పేరు పెట్టుకున్నారు. ఇక కింది రెండో దవడ పన్ను సంగతి చెబితే నవ్వుతారు. కొందరికి కెనాళ్ళు విడివిడిగా ఉండవు, ఇంగ్లీషు సి అక్షరంలా ఒకే చీలికగా కలిసిపోయి ఉంటాయి.

ఈ దారుల్ని కళ్ళారా చూడాలనుకున్న వాల్టర్ హెస్ అని ఒకాయన జూరిక్‌లో ఉండేవాడు. 1917లో వేలకొద్దీ పళ్ళు పోగేసి, వాటి కెనాళ్ళలోకి రబ్బరు ఎక్కించి గట్టిపడనిచ్చి, ఆ తరవాత పైనున్న పంటిని ఆమ్లంలో కరిగించేశాడు. లోపలి దారులు ఉన్నవి ఉన్నట్టు రబ్బరులో మిగిలాయి. మా పిల్ల ఆ బొమ్మలు చూపిస్తే నేను నోరు తెరిచి చూశాను. తిన్నని గొట్టాలుంటాయనుకున్నాను కదా, అక్కడ ఉన్నవేమో పాయలు, సందులు, అడ్డంగా కలిసే చిన్న చిన్న దారులు, చివర్లో గిరుక్కున తిరిగే కొసలు. ఇంత అల్లిక మన నోట్లో పెట్టుకుని మనం మరమరాలు నములుతున్నాం చూడండి!

ఆ కింది దవడ మొదటి పెద్ద పంటి పొడవెంత? కొస నుంచి కొసకి సుమారు 21 మిల్లీమీటర్లు. మన బొటనవేలి మొదటి కణుపు పాటి కూడా ఉండదు. అందులో పాడైన నరాన్ని తీసెయ్యాలి, గోడల్ని గీకాలి, చివరిదాకా శుభ్రం చేసి మూసెయ్యాలి. ఆ గీకే పనికి వాడేవే ఈ ఫైళ్ళు. మనవాళ్ళు సూదులంటారు, "నా పంట్లోకి సూదులు గుచ్చారమ్మా" అని. అవి గుచ్చేవి కావు, చెక్కేవి.

మొదటి ఫైలు దేంతో చేశారో తెలుసా? గడియారం స్ప్రింగుతో! వాషింగ్టన్‌లో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే పళ్ళ డాక్టరు 1838లో గడియారం స్ప్రింగుని అరగదీసి, దానికి పళ్ళు పెట్టి వాడాడు. ఆ మేనార్డే తుపాకీల పనిలో కూడా పేరుమోసినవాడు, తుపాకీ పేల్చే కొత్త పద్ధతులకి పేటెంట్లు తీసుకున్నాడు. పగలు పళ్ళు చూసి, సాయంత్రాలు తుపాకీలు చూసుకునేవాడేమో. వాళ్ళావిడ ఎట్లా వేగిందో పాపం.

తరవాత డెట్రాయిట్‌లో కెర్ కంపెనీవాళ్ళు వచ్చారు. సన్నటి తీగని నలుచదరంగానో ముక్కోణంగానో సానబట్టి, దాన్ని మెలితిప్పితే అంచులు వరసగా పైకి లేస్తాయి కదా, ఆ అంచులతో గీకడం అన్నమాట. ఇప్పటికీ వాటిని కె ఫైళ్ళంటారు. ఆ కె అంటే కెర్రే. ఇంకో రకం ఉంది, హెడ్‌స్ట్రామ్ ఫైలని. అది తిప్పితే పని చెయ్యదు. పైకి లాగినప్పుడే గీకుతుంది. తిప్పారో, గోడలో స్క్రూ దిగినట్టు దిగి పుటుక్కుమంటుంది. చదువుకునే పిల్లలు మొదట్లో విరగ్గొట్టేది దాన్నేనట.

అప్పట్లో ఇంకో చిక్కు. ఒక కంపెనీ 3వ నంబరు ఇంకో కంపెనీ 3వ నంబరుతో కలిసేది కాదు. 1958లో ఇంగిల్, లెవీన్ అనే ఇద్దరు ఫిలడెల్ఫియాలో జరిగిన ఒక సదస్సులో లెక్క ఒకటే ఉండాలని పట్టుబట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ లెక్కే. ఫైలు నంబరు ఎంతో, మొన వెడల్పు మిల్లీమీటరులో అన్ని వందో వంతులు. 10 నంబరంటే మిల్లీమీటరులో పదో వంతు. గీకే భాగం 16 మిల్లీమీటర్లు, అందులో ఒక్కో మిల్లీమీటరుకీ 0.02 చొప్పున లావెక్కుతుంది. పిడికి రంగులు కూడా ఖాయం. 10 ఊదా, 15 తెలుపు, 20 పసుపు, 25 ఎరుపు, 30 నీలం, 35 ఆకుపచ్చ, 40 నలుపు. మా పిల్ల ఈ వరస నిద్దట్లో లేపి అడిగినా చెబుతుంది. వాళ్ళ నాన్న పుట్టినరోజు మాత్రం నేను ఫోన్ చేసి గుర్తు చెయ్యాలి.

ఇప్పుడు అసలు విషయం వినండి. దారి తిన్నగా ఉంటే ఏ ఫైలైనా ఒకటే. వంకర ఉన్నచోటే వస్తుంది తంటా. స్టీలు ఫైలు సన్నగా ఉన్నంతసేపూ వంపుతో పాటు వంగుతుంది. 25, 30 దాకా వచ్చేసరికి బిరుసెక్కుతుంది. ఎంత వంకర దారిలోకి తోసినా తిన్నగా అవుదామనే చూస్తుంది. అప్పుడేమవుతుంది? కొస దగ్గర వంపు బయటి గోడనీ, నడిమధ్యన వంపు లోపలి గోడనీ గీకేస్తుంది. కెనాలు దారి తప్పుతుంది. గోడలో మెట్టు పడుతుంది, ఆ మెట్టు దాటి ఫైలు కిందికి పోదు. మీరు లంగా బొందు ఎక్కించేటప్పుడు చూడండి, కుట్టు దగ్గర పిన్నీసు ఆగిపోతుంది. ఓపిగ్గా వేళ్ళతో సర్ది పోనిస్తే పోతుంది. విసుగొచ్చి బలంగా తోశామా, బట్టలోంచి బయటికి పొడుచుకొస్తుంది. పంట్లోనూ అంతే. అయితే బట్టని మళ్ళీ కుట్టుకోవచ్చు.

కింది దవడ మొదటి పంటి ముందు వేరుంది చూశారూ, దాని వెనకవైపు గోడ మరీ పల్చన. ఆ చోటుని ప్రమాద స్థలమనే అంటారు. 1980లోనే ముగ్గురు డాక్టర్లు ఫైలుని అటువైపు కాకుండా మందంగా ఉన్న గోడవైపు ఆనించి గీకమని చెప్పారు. 1985లో రోన్ అనే ఆయన ఇంకో ఉపాయం చెప్పాడు. ఫైలుని ముందుకి కొంచెం తిప్పు, ఆ తరవాత కిందికి అదిమిపట్టి వెనక్కి తిప్పు, అప్పుడు తెగుతుంది, దారి తప్పదు అని. స్టీలుతోనే, వేళ్ళ నేర్పుతోనే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఈలోగా పళ్ళతో బొత్తిగా సంబంధం లేనిచోట ఒక వింత జరిగింది. అమెరికా నౌకాదళంవాళ్ళకి మేరీలాండ్‌లో ఒక ప్రయోగశాల ఉండేది. అక్కడ విలియం బ్యూలర్ అనే ఆయన క్షిపణి ముక్కుకి పనికొచ్చే లోహం కోసం వెతుకుతూ నికెల్‌నీ టైటానియంనీ కలిపాడు. 1961లో ఒక మీటింగులో ఆ లోహపు రేకుని మడతలు మడతలుగా వంచి, ఎన్నిసార్లు వంచినా విరగదు చూడండని అందరి చేతికీ ఇచ్చారు. అందులో డేవిడ్ మజీ అని ఒక పెద్దాయన, పైపు కాల్చే అలవాటు ఉన్నాయన. చేతిలో లైటరు ఉంది కదా అని ఆ రేకుని వేడి చేశాడు. మడతలన్నీ విప్పుకుని రేకు తిన్నగా సాగింది! అందరూ తెల్లబోయారు. ఆ లోహానికే నిటినాల్ అని పేరు. ఊరుకోలేక చెయ్యిపెట్టే మనుషులు ప్రతి మీటింగులోనూ ఒకరుంటారు. ఆ రోజు ఆయన ఊరుకోకపోవడం లోకానికి మంచిదైంది.

మొదట దాన్ని పళ్ళ వరస సరిచేసే తీగలకి వాడారు. మీ అమ్మాయికి వేయించారు చూడండి కాలేజీలో చేరేముందు, అదే. 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ అనే ముగ్గురు ఆ క్లిప్పుల తీగనే తీసుకుని దాన్ని 15 నంబరు ఫైలుగా చెక్కారు. అదే సైజు స్టీలు ఫైలుతో పోల్చి చూస్తే రెండు మూడు రెట్లు ఎక్కువ వంగింది. మెలిపెట్టినా తొందరగా విరగలేదు. అక్కణ్ణుంచి రూట్ కెనాల్ కథే మారిపోయింది. అప్పటిదాకా వంకర దారిలో మెషీను పెట్టి తిప్పాలంటే భయం. ఈ మెత్తటి లోహం వచ్చాక నిమిషానికి 300 చుట్ల లెక్కన తిప్పినా వంపు వెంబడే పోతుంది.

నేను నమ్మలేదు. అప్పుడు మా పిల్ల వంటింటి గట్టు మీద మూడు ఫైళ్ళు పెట్టింది. పాతబడి పారెయ్యాల్సినవే లెండి, ఉడకబెట్టి శుభ్రం చేసినవి. ఒక్కొక్కటీ ఎర్ర గుర్తుది, అంటే 25. మొదటిది స్టీలు. వంచబోతే నా వేలినే ఎదురు తోసింది. కొంచెం గట్టిగా వంచితే వంగి, ఆ వంపుతోనే ఉండిపోయింది. రెండోది నికెల్ టైటానియం. వేలిచుట్టూ సగం చుట్టి వదిలితే టప్పున తిన్నగా నిలబడింది. మూడోది బంగారు రంగులో ఉంది. అదీ నికెల్ టైటానియమే, కాకపోతే తయారుచేశాక ప్రత్యేకంగా వేడిచేసి చల్లార్చినదట. వంచితే మెత్తగా వంగింది, వదిలినా వంగే ఉంది. "ఇది కూడా స్టీలులా ఉండిపోయిందేమిటే" అన్నాను. మాట్లాడకుండా దాన్ని తీసి, డికాషన్‌కి మరిగించిన నీళ్ళు చిన్న గిన్నెలో పోసి అందులో వేసింది. చూస్తుండగానే మెల్లగా ఒళ్ళు విరుచుకుని తిన్నగా అయింది. నేను మళ్ళీ వంచాను, మళ్ళీ వేశాను. డికాషన్ సంగతి ఇద్దరమూ మర్చిపోయాం. మీ అన్నయ్యగారు హాల్లోంచి రెండుసార్లు దగ్గారు.

మన ఊళ్ళలో ఎక్కువగా వినబడే పేరు ప్రోటేపర్. 2001లో వచ్చింది. మషతూ, రడిల్, వెస్ట్ అనే ముగ్గురు డాక్టర్లు రూపం ఇచ్చారు. మామూలు ఫైలు మొదటినుంచీ చివరిదాకా ఒకే లెక్కన లావెక్కుతుంది కదా, ఇది అట్లా కాదు. ఒకే ఫైలులో ఒక్కోచోట ఒక్కో లెక్క. ముందు ఎస్ రకాలు పై భాగాన్ని వెడల్పు చేస్తాయి, తరవాత ఎఫ్ రకాలు కింది కొసని సరిచేస్తాయి. వరసగా ఐదారు మార్చాలి. ఇన్నెందుకు, ఒక్కటి చాలదా అని ఆలోచించినాయన గస్సాన్ యారెద్. 2008లో ఆ ప్రోటేపర్ ఎఫ్2 ఒక్కదాన్నే తీసుకుని, గుండ్రంగా తిప్పకుండా ముందుకీ వెనక్కీ ఆడించి పని పూర్తిచేశాడు. రోన్ వేళ్ళతో చేసిన పనే ఇప్పుడు మెషీను చేస్తోంది, చూశారా! 2011లో ఆ పద్ధతిలోనే రెసిప్రాక్, వేవ్‌వన్ అనేవి బజార్లోకి వచ్చాయి. రెసిప్రాక్ ఒకవైపు 150 డిగ్రీలు తిరిగి, 30 వెనక్కి వస్తుంది. అట్లా మూడుసార్లయితే ఒక పూర్తి చుట్టు. ఇరుక్కునేలోపే వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి విరిగే భయం తగ్గింది. వాటిని ఒక్కసారే వాడాలి. ఆవిరి పెట్టెలో పెట్టి మళ్ళీ వాడదామనుకుంటే పిడి దగ్గరి రంగు రింగు ఉబ్బిపోతుంది, ఇక మెషీనులోకి దూరదు. చేసినవాళ్ళకి మన బుద్ధి బాగా తెలుసు. మనం టూత్‌బ్రష్షుని కుచ్చులు విచ్చుకుపోయాక ఫ్యాన్ రెక్కలు తుడవడానికి, ఆ తరవాత లంగాల్లో బొందు దూర్చడానికి కూడా దాచుకునేవాళ్ళం కదా.

విరగడం అంటే గుర్తొచ్చింది. మెత్తటి లోహమే కానీ దానికీ ఒక అవగుణం ఉంది. స్టీలు ఫైలు విరిగేముందు మెలికలు విప్పుకుంటుంది, అది చూసి డాక్టరు పారేస్తారు. నికెల్ టైటానియం పైకి ఏమీ చెప్పదు. వంపులో గిరగిరా తిరుగుతుంటే ఒక పక్క సాగుతూ, ఇంకో పక్క నొక్కుకుంటూ లోపల్లోపలే అలిసిపోతుంది. ఉన్నట్టుండి ముక్కవుతుంది. మా ఆడపడుచు తోడికోడలికి అట్లాగే ఒక ముక్క వేరు కొసలో ఉండిపోయింది. డాక్టరు దాచకుండా ఎక్స్‌రే చూపించి మరీ చెప్పారట. అప్పటికే కెనాలు చాలావరకూ శుభ్రమైంది కాబట్టి ముక్కని అక్కడే ఉంచి మూసేశారు. ఇప్పటికీ ఆవిడ ఆ పక్కనే చెకోడీలు నములుతుంది. నాకు ఆ డాక్టరంటే గౌరవం పెరిగింది. ముక్క విరగడం ఎవరికైనా అవుతుంది, చెప్పడం అందరూ చెయ్యరు.

మరి ఏ ఫైలు మంచిదో ఎట్లా తేలుస్తారు? బతికున్న మనిషి నోట్లో కెనాలు చెక్కిందెంతో కొలవలేం కదా. పీకిన పళ్ళు కావాలి. మా పిల్ల కాలేజీలో పళ్ళు పీకే విభాగం ముందు సీసా పట్టుకుని నిలబడేది. చిగుళ్ళ జబ్బుతో కదిలిపోయి పీకినవి, చోటు చాలక పీకినవి. అన్నీ పనికిరావు. వేరు కొస పూర్తిగా తయారై ఉండాలి, పగుళ్ళుండకూడదు, వంపు సరిపడా ఉండాలి. వంపు కొలిచే లెక్క 1971లో ష్నైడర్ అనే ఆయన చెప్పింది. ఎక్స్‌రే మీద రెండు గీతలు గీసి మధ్య కోణం కొలుస్తారు, 25 డిగ్రీలు దాటితే గట్టి వంకర కిందే లెక్క. ఆ కోణాలు చూసుకుని జట్లుగా పంచాలి, ఒక ఫైలుకి వంకర పళ్ళూ ఇంకో ఫైలుకి తిన్నని పళ్ళూ పడితే అన్యాయం కదా.

ఆ సీసాలో పళ్ళు చూస్తే మనుషులు కనబడతారట దానికి. తాంబూలం గార పట్టినవి ఎవరో మామ్మగారివి. ఒక్క పక్కే అరిగినవి, మీలాగా ఒకవైపే నమిలేవాళ్ళవి. రాత్రిళ్ళు పళ్ళు నూరేవాళ్ళవైతే పైభాగం పలకలా చదునుగా ఉంటుంది. బాగా వయసు మళ్ళినవాళ్ళ పళ్ళల్లో కెనాలు పూడుకుపోతూ వస్తుంది, 10 కూడా దూరదు. గులాబీ రంగు 6, బూడిద రంగు 8 పట్టుకుని కుస్తీ పట్టాలి. పేర్లు ఉండవు, ఊళ్ళు ఉండవు. అయినా ఒక పన్ను పట్టుకుని "ఈవిడ లవంగం పెట్టుకుని పెట్టుకుని చివరికొచ్చింది పిన్నీ" అంటుంది. ఎట్లా తెలుసే అంటే, "ఇంత పుచ్చేదాకా ఇంకెట్లా ఓర్చుకుంటారు" అంటుంది. నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక ఆ పళ్ళ మీద ఎట్లా కొలుస్తారో, ముందు పాత పద్ధతి చెబుతాను. 1987లో బ్రెజిల్‌వాళ్ళు, బ్రమాంటే అనే ఆయనా ఆయన తోటివాళ్ళూ కనిపెట్టింది. పంటిని రెజిన్ దిమ్మలో పాతి, ఆ దిమ్మని అడ్డంగా ముక్కలు కోసి, కెనాలు అడ్డుకోత ఫోటో తీస్తారు. మళ్ళీ ముక్కలన్నీ అచ్చులో పెట్టి బిగించి, ఫైలుతో చెక్కి, విప్పి, మళ్ళీ ఫోటో తీస్తారు. రెండూ పక్కపక్కన పెడితే ఎటువైపు ఎంత తిన్నదో తెలుస్తుంది. కొందరు ప్లాస్టిక్ దిమ్మల్లో ఒకేరకం వంకర కెనాళ్ళు చేయించి వాటి మీద పోలుస్తారు. అన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి లెక్క తేలిక. కానీ ప్లాస్టిక్ ప్లాస్టిక్కే, తిరిగే ఫైలు వేడికే మెత్తబడుతుంది. ఇప్పుడైతే మైక్రో సీటీ అని ఉంది, పంటిని కొయ్యకుండానే లోపలి గోడలు అణువణువూ చూపిస్తుంది.

ఆ మైక్రో సీటీతోనే మళ్ళీ జూరిక్‌లోనే, పీటర్స్ అనే ఆయనా తోటివాళ్ళూ 2001లో పై దవడ పళ్ళ మీద నాలుగు రకాల నికెల్ టైటానియం ఫైళ్ళని పోల్చారు. అందులో చేత్తో తిప్పేవీ ఉన్నాయి, మెషీనువీ ఉన్నాయి. ఏమి తేలిందో తెలుసా? ఏ ఫైలు వాడినా సరే, కెనాలు గోడల్లో 35 శాతం, అంతకన్నా ఎక్కువే, ఫైలు తాకనే లేదు! ఇంకో మాట, ఫైలుకీ ఫైలుకీ మధ్య తేడాలు చాలా కొద్ది. ఒక కెనాలుకీ ఇంకో కెనాలుకీ మధ్య తేడాలే బాగా కనబడ్డాయి.

ఇది విన్నాక నేను చాలాసేపు ఆలోచించాను. మనం పేరంటంలో మెషీను గొప్పా చెయ్యి గొప్పా అని కొట్టుకుంటున్నాం. స్టీలుకీ నికెల్ టైటానియానికీ పోటీ పెడితే వంకర దారిలో రెండోదే మేలు, అందులో సందేహం లేదు. ఎంతోమంది ఎన్నోచోట్ల పోల్చి చూశారు, కెనాలు అసలు దారిని అదే బాగా నిలబెడుతుంది, తొందరగానూ అవుతుంది. కానీ ఈ కంపెనీ మెషీనా, ఆ కంపెనీ మెషీనా అనే దగ్గరికొచ్చేసరికి అంత రభస అక్కర్లేదు. మీ పన్ను వేరు, నా పన్ను వేరు. తేడా అక్కడుంది. ఇంకోటి, మెషీనుతో చేసే డాక్టరు కూడా ముందు ఆ ఊదా రంగు 10 నంబరు ఫైలు చేత్తోనే పట్టుకుని, మెల్లగా కొసదాకా దారి చేసుకుంటారు. దారి దొరికాకే మెషీను. కాబట్టి ఆ ఇద్దరు ఆడవాళ్ళకీ రెండూ జరిగే ఉంటాయి, సగం సగం చూసి చెబుతున్నారు.

మరి ఫైలు తాకని ఆ మూడో వంతు గోడ మాటేమిటి? అక్కడే ఉంది కిటుకు. మధ్యమధ్యలో సిరంజితో ఏదో నీళ్ళు పోస్తారు, ఘాటైన క్లోరిన్ వాసన వస్తుంది, గుర్తుందా? అది సోడియం హైపోక్లోరైట్, మనం తెల్లబట్టలకి వాడే బ్లీచు జాతిదే. మొదటి ప్రపంచయుద్ధంలో హెన్రీ డేకిన్ అనే రసాయన శాస్త్రవేత్త సైనికుల పుండ్లు కుళ్ళకుండా కడగడానికి దీన్నే పల్చగా చేసి వాడించాడు. అది క్రిముల్ని చంపుతుంది, చచ్చిన నరం పీచుల్ని కరిగిస్తుంది. ఫైలు దూరని సందుల్లోకి అది దూరుతుంది. నిజానికి ఫైలు చేసే పెద్ద పని ఆ నీళ్ళు కొసదాకా వెళ్ళేంత చోటు చెయ్యడమే. ఇజ్రాయెల్‌వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి లోపల బోలుగా, జాలీలా ఉండే ఫైలు చేశారు. అది కదులుతుంటే దాని మధ్యలోంచే నీళ్ళు ధారగా పోతుంటాయి. కోడిగుడ్డు ఆకారంలో ఉండే కెనాళ్ళకి అది బాగా పనికొస్తుందంటారు. నాకు ఆ ఆలోచన భలే నచ్చింది. గీకే పనీ కడిగే పనీ ఒకటే చేసేశారు.

కడగడానికి టైము పడుతుంది. అరగంటలో తేల్చేశారని మురిసిపోయే ఆవిడని నేను అందుకే గట్టిగా మెచ్చుకోలేకపోయాను. మనవాళ్ళు మాత్రం? మొదటి సిట్టింగులో నరం తీసేస్తే నొప్పి పోతుంది. నొప్పి పోయిందంటే ఇక మళ్ళీ క్లినిక్కు గుమ్మం తొక్కరు. తాత్కాలికంగా పెట్టిన ఆ తెల్ల ముద్ద అరిగిపోయి, అందులోంచి మళ్ళీ ఉమ్మి దిగి, బుగ్గ పొంగాక ఫోన్ చేస్తారు. "ఊళ్ళో పెళ్ళి ఉండి రాలేకపోయామండీ" అంటారట. ఏడాదంతా పెళ్ళిళ్ళే! మా పిల్ల ఇప్పుడు నొప్పి తగ్గాక పేషెంట్లకి తనే ఫోన్ చేసి పిలుస్తోంది. కొందరు విసుక్కుంటారు. అయినా చేస్తుంది. నేనైతే ఆ ఒక్క విషయానికే దానికి మార్కులేస్తాను.

మీ వారికి పైన కుడివైపు తీపులు మొదలయ్యాయని మొన్న కూరల బండి దగ్గర అన్నారు కదూ? పై దవడ మొదటి పెద్ద పన్నేనా? వెళ్ళినప్పుడు మీ దగ్గర ఏ మెషీనుందని అడక్కండి. ఎన్ని కెనాళ్ళు దొరికాయండీ అని అడగండి. మూడు అంటే, ముందు వేరులో రెండోది వెతికారా అని మెల్లగా అనండి. మైక్రోస్కోప్ ఉన్నవాళ్ళయితే ఇంకా తేలిగ్గా కనిపెడతారట. డాక్టరు ఆశ్చర్యపోయి ఎవరు చెప్పారంటారు. పక్కింటావిడ చెప్పిందనండి, ఫరవాలేదు.